అమావాస్యనాడు బయల్దేరిన ఐసు మిషను

మీది ఏ ఊరు అని అడగడం నా ఉద్యోగం. మనుషులను కాదు, ఓడల మీద వచ్చే సరుకును. సరుకు నోరు విప్పదు కాబట్టి దాని వెంట వచ్చిన కాగితాలను అడుగుతాను. విశాఖ పోర్టు గేటుకు దగ్గర్లో, కింద టీ కొట్టు, పైన మేము అన్నట్టుండే, సరుకును కస్టమ్స్ నుంచి విడిపించే ఒక చిన్న క్లియరింగ్ ఆఫీసులో జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరాను. ఇప్పుడు రంగు వేసుకుంటున్నాను. ఇన్నేళ్లలో ఎన్ని దేశాల సరుకు నా చేతుల మీదుగా ఊళ్లోకి వెళ్లిందో చెప్పలేను. నేను మాత్రం ఈ సముద్రం దాటి ఎక్కడికీ వెళ్లలేదు.

దేశాలు గుంపులు కట్టి ఒప్పందాలు చేసుకుంటాయి. మంత్రులు కోట్లు తొడుక్కుని, వరుసగా నిలబడి, ఒకరి చేతులు ఒకరు అడ్డదిడ్డంగా పట్టుకుని ఫొటో దిగుతారు. ఆ ఫొటోలో ఏ చెయ్యి ఎవరిదో కనిపెట్టడం కష్టం. ఆ అయోమయమే కొన్నాళ్లకు కట్టలు కట్టుకుని మా ఆఫీసుకు వస్తుంది.

ఒప్పందం సంగతి వినడానికి తేలికే. మన జట్టులో ఉన్న దేశం సరుకైతే డ్యూటీ, అంటే దిగుమతి సుంకం, ఉండదు, ఉన్నా నామమాత్రం. బయటివాడి సరుకైతే పూర్తిగా కట్టాలి. వ్యవహారం ఇంతటితో ఆగితే మాకు జీతాలెందుకు? బయటివాడు చేతులు ముడుచుకుని కూర్చోడు కదా. తన సరుకును జట్టులోని దేశానికి పంపి, అక్కడ అట్టపెట్టె మార్పించి, ఆ దేశపు ముద్ర కొట్టించి, అక్కడి సరుకుగా మన మీదికి తోలుతాడు. అది ఆపడానికి పెద్దలు ఇంకో నియమం పెట్టారు. వస్తువు విలువలో ఫలానా వంతు ఆ దేశంలోనే చేరి ఉండాలి, చేరిందని ఆ దేశపు అధికారి కాగితం రాసివ్వాలి. దాన్ని మేము ఒరిజిన్ సర్టిఫికెట్ అంటాం. వస్తువుకు పుట్టుక కాగితం అన్నమాట.

ఆ కాగితం మహిమ అంతా ఇంతా కాదు. గనులే లేని చోట పుట్టిన లోహపు రేకులు చూశాను. ఒక దేశంలో మోటారు, ఇంకో దేశంలో తీగ, మూడో దేశంలో రంగు వేసుకుని, నాలుగో దేశంలో నాలుగు మరలు బిగించుకున్నందుకు ఆ నాలుగో దేశపు పౌరసత్వం పొందిన ఫ్యాన్లు చూశాను. కాగితం శుభ్రంగా ఉంటే వాటికి మేము దారి ఇస్తాం. మా నాన్న గోదావరి వైపు నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడి బళ్లో చదివాను, ఇక్కడి యాసలోనే తిట్టుకుంటాను. అయినా మా వీధిలో నేను ఇప్పటికీ గోదారోళ్ల అబ్బాయినే. పోనీ నాన్న ఊరు వెళ్తే, వైజాగోళ్లు వచ్చారని మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెడతారు. ఫ్యానుకు నాలుగు మరలు చాలాయి గానీ నాకు ఒక జన్మ చాలలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా బావ ఐసు మిషను గురించి చెప్పడానికి.

బావ అంటే చుట్టరికం ఏమీ లేదు. ఇక్కడ మగవాళ్లు ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. వాడిది జాలరిపేట. చిన్నప్పుడు ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం, ఒకే మాస్టారి చేత తన్నులు తిన్నాం. వాడు బావ అయ్యాక వాళ్లమ్మ నాకు అత్త అయింది. అత్త తెల్లవారేసరికి ఒడ్డుకు చేరిన చేపను తట్టలో వేసుకుని, ఆటో ఎక్కి ఆనందపురం దాకా వెళ్లి అమ్ముకొస్తుంది. ఆమె నోటికి జడిసి ఆటోవాళ్లు తట్టకు విడిగా డబ్బులడగరు.

జాలరిపేటలో చేపకు కరువు లేదు, కరువంతా ఐసుకే. పేటకు దగ్గర్లో ఒకే ఒక ఐసు ఫ్యాక్టరీ. దాని యజమాని చేపలు కూడా కొంటాడు. ఐసు ఎవరికి ముందో ఎవరికి వెనకో ఆయన గడ్డం ఊపి చెబుతాడు. చేప తనకే అమ్మేవాళ్లకు ముందు. బయట అమ్ముకునేవాళ్లకు తర్వాత. తర్వాత అంటే చేప కళ్లు తేలేశాక అని అర్థం. అప్పుడు చచ్చినట్టు అది కూడా ఆయనకే, ఆయన చెప్పిన ధరకే అమ్మాలి. ఆయన ఎవరినీ పల్లెత్తు మాట అనడు. మెత్తని మనిషి.

ఒక ఏడాది మా బావ ఫోనులో ఒక వీడియో చూశాడు. థాయిలాండులో ఎవరో ఒక చిన్న షెడ్డులో మిషను పెట్టి, ఒకవైపు నీళ్లు పోస్తుంటే ఇంకోవైపు నుంచి ఐసు రేకులు రేకులుగా రాలుతోంది. ఆ వీడియో వాడు తిండి మానేసి చూశాడు. తర్వాత తన ఫైబర్ బోటు అమ్మేశాడు. నాతో ఒక్క మాట చెప్పలేదు. అమ్మేశాక వచ్చి మా టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు.

"బోటు తీసీసినాను బావా. ఐసు మిషను తెప్పిత్తన్నాను. థాయిలాండు నుంచి."

"బోటు లేకుండా ఏం చేస్తావురా?"

"మిషనుంటే బోటెందుకు? వందలమంది బోట్లకి నాను ఐసిత్తాను. అమ్మ ఆడి గుమ్మం ముందు నిలబడక్కర్లేదు."

ఆ చివరి మాట దగ్గర నేనూ వాడి వైపు వచ్చేశాను. అందుకే ఉత్సాహంగా నాకు తెలిసిన శుభవార్త చెప్పాను.

"డ్యూటీ పడదు బావా. ఆ దేశంతో మనకి ఒప్పందం ఉంది."

"మనకా? ఎవులు సేసుకున్నారు?"

"దేశం చేసుకుంది. ఆ వైపు దేశాలన్నిటితో కలిపి. వాళ్ల మిషను వాళ్లదేనని కాగితం తెస్తే చాలు, డ్యూటీ తీసేస్తారు."

"సూసినావా, ఎక్కడో కూకుని మనకోసం రాసినారు" అని మురిసిపోయాడు. ఆ మంత్రులు నిజంగా వాడి పేరు తలచుకుని సంతకాలు పెట్టినట్టే మురిసిపోయాడు.

లెక్క తేలిక. వేసవిలో సముద్రంలో చేపల వేట మీద నిషేధం ఉంటుంది. బోట్లన్నీ ఒడ్డున బోర్లా పడుకుంటాయి. నిషేధం ముగిసిన రోజు అందరూ ఒక్కసారిగా నీళ్లలోకి దూకుతారు, చేప విరగబడుతుంది, ఐసుకు కొట్టుకుంటారు. ఆ రోజుకు మిషను షెడ్డులో తిరుగుతుంటే పేట మా బావది. తిరగకపోతే బోటు లేదు కాబట్టి సముద్రం వాడిది కాదు, ఐసు లేదు కాబట్టి ఒడ్డూ వాడిది కాదు.

థాయిలాండు వాడు మంచి వ్యాపారి. మిషను కంటెయినర్‌లోకి ఎక్కిస్తున్న ఫొటోలు, ఓడ బయల్దేరిందన్న కాగితం ఫొటో ఫోనుకు పంపాడు. బావ గర్వంగా వాళ్లమ్మకు చూపించాడు. అత్తకు అక్షరం ముక్క రాదు. ఆ కాగితం వైపు చూడను కూడా చూడలేదు. ఒక్కటే అడిగింది.

"ఏ రోజు బయల్దేరినాదిరా?"

"మొన్న మంగలారం."

అత్త గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగింది. అందులో నల్లటి చుక్క ఉన్న గడి ఆమెకు బాగా తెలుసు.

"ఓలమ్మో! అమాసనాడు ఎక్కించీసినావా? అందులోనూ మంగలారం అమాస! బువ్వెట్టే వత్తువురా అది. అమాసనాడు ఎవులైనా కదుపుతారేటి?"

మా బావ ఎన్నో అమావాస్యలు నడిసముద్రంలో గడిపినవాడు. అమావాస్య పోటుకు అల ఎంత లేస్తుందో వాడికి తెలిసినట్టు నాకు మా ఆఫీసు మెట్లు తెలియవు. అయినా కిక్కురుమనలేదు. వేటకు వెళ్లడం వేరు, అన్నం పెట్టే వస్తువును ఇంటికి తెచ్చుకోవడం వేరు. వాళ్లింట్లో కొత్త వల కొన్నా, మోటారు కొన్నా, తిథి చూడకుండా కొట్టు గుమ్మం ఎక్కరు. వాళ్లింట్లోనే ఏమిటి, ఈ ఊళ్లో కారు షోరూముల్లో అమావాస్యనాడు ఈగలు తోలుకుంటారు.

ఓడను వెనక్కి తిప్పడం కుదరదు కాబట్టి మా బావ తేదీని ముందుకు తిప్పాడు. ఫోనులో మాటలు మార్చే యంత్రం ఒకటుంది కదా, దాని సాయంతో థాయిలాండు వాడికి రాశాడు. బాబ్బాబూ, మా అమ్మ బాధపడుతోంది, అమ్మకం దశమి నాడు జరిగినట్టు ఇన్వాయిస్ రాసివ్వు అని. వాడు ఎంత మర్యాదస్థుడంటే, ఎందుకని కూడా అడగలేదు. పాత ఇన్వాయిస్ నంబరు మీదే దశమి తేదీ వేసి కొత్తది పంపాడు, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాడు. బావ మిగిలిన డబ్బును ఆ కొత్త ఇన్వాయిస్ చూపించి బ్యాంకులో కట్టేశాడు. ఓడ కదిలింది అమావాస్యనాడైనా మిషను మనదైంది దశమి నాడేనని వాడు చెబితే, అత్త ఆ దశమి ఇన్వాయిస్‌కు పసుపు రాసి, గంగమ్మ పటం ముందు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది.

అప్పటికి ఇవేవీ నాకు తెలియవు. ఓడ వచ్చింది, కంటెయినర్ యార్డుకు చేరింది, కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. పుట్టుక కాగితం చూశాను. ఎంత ముచ్చటగా ఉందంటే, అచ్చు తప్పు లేదు, ముద్ర వంకర లేదు. ఫలానా తేదీ ఇన్వాయిస్ కింద అమ్మిన ఈ మిషను మా దేశపు సరుకే అని ఉంది. ఆ ఫలానా తేదీ అమావాస్య. బ్యాంకు కాగితం తీశాను. అందులో ఇన్వాయిస్ తేదీ దశమి. దశమి నాటికి ఓడ సగం దూరం వచ్చేసింది. అంటే అమ్మకం జరగకముందే సరుకు తనంతట తాను ఓడెక్కి బయల్దేరిందన్నమాట.

మా వృత్తిలో ఒక సరుకుకు రెండు ఇన్వాయిస్‌లు కనిపిస్తే దానికి ఒకటే అర్థం. దొంగ. ధర తక్కువ చూపించడానికో, దేశం మార్చడానికో తప్ప ఎవడూ రెండు ఇన్వాయిస్‌లు రాయించడు. బావకు ఫోను చేశాను.

"ఒరేయ్, ఈ దశమి ఏమిటిరా?"

"అమ్మకి సెప్పకు బావా, అసలు కొన్నది కూడా అమాసనాడే. పైకి దశమి సేయించినాను." వాడి గొంతులో ఎంతో తెలివైన పని చేసినవాడి సంతోషం.

"నీ తెలివి తగలెయ్య! పుట్టుక కాగితం మీద అమావాస్యే ఉందిరా."

"అదెవులు సూత్తారు?"

"ఎవరు చూస్తారా? అది చూడ్డానికే ఒక ఆఫీసుంది, అందులో ఫ్యాన్ల కింద మనుషులున్నారు, వాళ్లకు జీతాలున్నాయి!"

వాడు చిన్నగా అడిగాడు. "పోనీ బావా, ఆ కాగితాన్ని కూడా దశమికి మార్సీమంటే?"

థాయిలాండు వాడు దానికీ సిద్ధమే. కానీ ఓడ వెళ్లిపోయాక జరిగిన అమ్మకానికి కొత్త పుట్టుక కాగితం తెస్తే, ఇప్పటికి ఉన్న రెండు అనుమానాలకు మూడోది తోడవుతుంది. వద్దని చెప్పి, ఉన్నవాటినే పట్టుకుని కస్టమ్స్ అధికారి గదికి వెళ్లాను. బావను కూడా తీసుకెళ్లాను. వాడు పెళ్లికి కుట్టించుకున్న తెల్లచొక్కా వేసుకొచ్చాడు.

అధికారి తెలుగాయనే. చేతికి ఎర్రదారం, బల్ల అద్దం కింద దేవుడి పటాలు. కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఏమిటండీ ఇది? సరుకు ముందు వచ్చింది, అమ్మకం తర్వాత జరిగిందా?"

అబద్ధం ఆడితే అతుక్కోదని నాకు తెలుసు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఓడ బయల్దేరింది అమావాస్యనాడండీ, వాళ్లమ్మగారికి పట్టింపు, అందుకని మార్పించాడు అన్నాను. నవ్వుతారేమో, అరుస్తారేమో అనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"మంగళవారం కూడానా?"

"అవునండీ. మంగళవారం అమావాస్య."

"అయ్యో. మరయితే మార్పించుకోవాల్సిందే" అన్నారు.

మా బావ ముఖం వెలిగిపోయింది. దేవుడు గుడి వదిలి ఈ గదిలో కూర్చున్నాడన్నంత భక్తిగా ఆయనను చూశాడు. నాకూ ఆశ పుట్టింది.

"కానీ ఫైల్లో ఏం రాయమంటారు?" అన్నారు ఆయన.

అక్కడ ఆగిపోయింది. ఆయన మా ముందే ఒప్పందం నియమాలు తెరిచారు. సర్టిఫికెట్ పోతే ఏం చేయాలో ఉంది. అచ్చు తప్పు పడితే ఏం చేయాలో ఉంది. ఓడ దారిలో ఇంకో రేవులో ఆగితే ఏం చేయాలో ఉంది. అమావాస్యకు చోటు లేదు. అంతమంది పెద్దలు అన్ని ఏళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. చివరికి ఆ సంతకాల రోజును ముహూర్తం చూడకుండా పెట్టుకుని ఉంటారంటే నేను చచ్చినా నమ్మను. తమ సంతకాలకు చూసుకున్నారు, మా బావ ఇన్వాయిస్‌కు మాత్రం దారి వదలలేదు.

అధికారిని తప్పుపట్టడానికి లేదు. ఆయన రెండు దారులు చెప్పారు. ఒకటి, ఒప్పందం సంగతి మర్చిపోయి పూర్తి డ్యూటీ కట్టి రేపే మిషను తీసుకెళ్లడం. రెండు, ఆ డ్యూటీకి సరిపడా డిపాజిట్ పెట్టి తీసుకెళ్లడం, ఈలోగా ఆయన థాయిలాండుకు రాసి అడుగుతారు, ఈ బిడ్డ మీ బిడ్డేనా అని. ఔనంటే డిపాజిట్ తిరిగి ఇస్తారు. మొదటి దారిలోనైనా రెండో దారిలోనైనా ముందు డబ్బు కక్కాలి. బావ డబ్బు మొత్తం ఆ కంటెయినర్‌లోనే ఉంది.

అన్నేళ్లుగా ఆ పని చేస్తూ కూడా నేను పట్టించుకోని సంగతి ఒకటి ఆ రోజు మెట్లు దిగుతుంటే తట్టింది. పూర్తి డ్యూటీ కట్టేవాణ్ని నీ సరుకు ఏ దేశానిదని ఎవరూ నిలదీయరు. డబ్బు పడేశాడా, పద. రాయితీ అడిగినవాడే తన పుట్టుపూర్వోత్తరాలు విప్పి చూపించాలి. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక టీ కొట్టువాడి మీద అరిచాను, చక్కెర ఎక్కువ వేశాడని.

అదే వారం ఒక పెద్ద కంపెనీ సరుకు అదే ఒప్పందం కింద వచ్చింది. ఎన్ని కంటెయినర్లంటే యార్డులో గోడ కట్టినట్టుంది. వాళ్ల కాగితాలు పెళ్లి శుభలేఖల్లా మెరుస్తున్నాయి. తేదీలు ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా నిలబడ్డాయి. ఉండవా మరి? కాగితంలో తప్పు దొర్లకుండా చూడటానికే వాళ్లకు ఒక అంతస్తు నిండా మనుషులున్నారు. వాళ్ల ఇళ్లల్లో కూడా అత్తలూ అమ్మలూ ఉండే ఉంటారు, అమావాస్యలూ పాటిస్తారు. కాకపోతే వాళ్ల ముహూర్తాలు చూసేవాడు వేరు, కాగితాలు రాసేవాడు వేరు. ఒప్పందం అందరికీ ఒకటే. ఆ అంతస్తు అందరికీ ఉండదు.

బావ అప్పు కోసం తిరిగాడు. బోటు ఉన్నప్పుడు ఇచ్చేవాళ్లు బోటు లేనివాడికి ఇవ్వరు. మిషను చూపించి అడిగితే, అది యార్డులో ఉంది కదా అన్నారు. యార్డులోంచి తేవడానికే కదా అంటే, తెచ్చాక రా అన్నారు. రోజూ సాయంత్రం వాడు యార్డు గేటు దాకా వచ్చి, కంచెలోంచి ఆ కంటెయినర్‌ను చూసి వెళ్లేవాడు. యార్డు అద్దె పెరుగుతూనే ఉంది. అత్త నాతో మాట్లాడటం మానలేదు గానీ, మాట్లాడేటప్పుడు ముఖం వైపు చూడటం మానేసింది. ఆ దశమి తన కోసం చేయించిందేనని, దానివల్లే మిషను ఆగిందని ఆమెకు ఎవరో చెప్పారు.

నిషేధం ముగిసింది. తెల్లవారకముందే పేట మొత్తం నీళ్లలో ఉంది. మోటార్ల చప్పుడుకు మా వీధి కుక్కలు కూడా లేచాయి. ఒడ్డున మగవాడంటే మా బావ ఒక్కడే మిగిలాడు. లుంగీ పైకి కట్టి ఎవరి బోటు దిగుతుంటే వాళ్ల బోటు తోశాడు. మర్నాటికి సూర చేప, డబ్బాల మీద ట్యూనా అని రాసేది, విరగబడింది. రెక్క సూరలు, ఒక్కొక్కటి చంటిపిల్లాడంత ఉన్నాయి. ఇసుక మీద వరసగా పడుకోబెట్టారు. ఎండ ఎక్కుతోంది. ఐసు ఫ్యాక్టరీ ముందు ఆడవాళ్లు తట్టలతో బారులు తీరారు. యజమాని కుర్చీలో కూర్చుని మెత్తగా గడ్డం ఊపుతున్నాడు.

అత్త మధ్యాహ్నం దాకా నిలబడింది. ఆమె కొన్నది నాలుగు సూరలు. ఐసు అందేసరికి వాటి కడుపులు మెత్తబడ్డాయి. ఆనందపురం తీసుకెళ్లే ప్రశ్నే లేదు. ఆ ఐసు కోసం నిలబడ్డ గుమ్మంలోనే, ఐసు అమ్మినవాడికే చేప కూడా అమ్మేసి, ఖాళీ తట్టతో ఇంటికొచ్చింది. ఆ వారమే థాయిలాండు నుంచి డబ్బాల్లో వచ్చిన సూర చేపకు కాగితాలు నేనే పెట్టాను. ఒప్పందం కింద డ్యూటీ తగ్గింది. తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయి, డబ్బాలో చేప కూడా ఎంతో గట్టిగా ఉందట.

తర్వాతి వారం ఐసు ఫ్యాక్టరీ యజమాని మా టీ కొట్టుకు వచ్చాడు. నన్ను పలకరించి, బావ భుజం మీద చెయ్యి వేసి బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"నీ మిషను పాడైపోతాదిరా అక్కడ. ఉప్పుగాలి. సూత్తుంటే నాకే కడుపు తరుక్కుపోతంది. డిపాజిట్టు నాను కడతాను, యార్డు అద్దె నాను కడతాను. మిషను నా షెడ్డులో ఉంటాది. నువ్వే నడుపు. నెల నెలా జీతం."

"మిషను ఎవులిదవుద్ది?" అన్నాడు బావ.

"డబ్బెవులు కడితే ఆలది" అన్నాడాయన, ఎంతో ప్రేమగా.

బావ నా వైపు చూశాడు. ఏదైనా దారి చెబుతానేమో అని. అన్ని దేశాల ఒప్పందాలు నోటికి వచ్చిన నా దగ్గర వాడికి ఇవ్వడానికి ఒక్క ముక్క లేదు. వాడు తలూపాడు. మర్నాడు ఉదయం అధికారి దగ్గర డిపాజిట్ పడింది, మధ్యాహ్నానికి యార్డు గేటు తెరుచుకుంది, సాయంత్రానికి మిషను యజమాని షెడ్డులో దిగింది. అన్నాళ్లు కదలని కొండ ఒక్క రోజులో కదిలింది. ఆయన మీద కేసు పెట్టడానికి లేదు. ఏ నియమమూ తప్పలేదు.

వానాకాలం పోయింది. చలి మొదలయ్యాక ఒక రోజు థాయిలాండు నుంచి జవాబు వచ్చింది. మేము చూసుకున్నాం, కంపెనీ లెక్కలు తనిఖీ చేశాం, ఈ మిషను నికరంగా మా దేశంలో తయారైనదే, తేదీ మారింది కొనుగోలుదారు కోరిక మీద, రాయితీకి ఇది అన్ని విధాలా అర్హమైనది అని. చక్కటి ఇంగ్లీషులో, ఒక్క వంకర మాట లేకుండా రాశారు. మా అధికారి చదివి, మనస్ఫూర్తిగా సంతోషించారు. నన్ను పిలిచి మరీ చూపించారు. "చూశారా, నిజం నిలబడింది" అన్నారు. డిపాజిట్ తిరిగి ఇవ్వమని రాసేశారు.

ఆ కబురు చెప్పడానికి నేనే జాలరిపేట వెళ్లాను. షెడ్డులో మిషను తిరుగుతోంది. వీడియోలో ఉన్నట్టే, తెల్లటి రేకులు ఒకదాని మీద ఒకటి రాలుతున్నాయి. మా బావ పార పట్టుకుని ఐసు ఎత్తి ఆడవాళ్ల తట్టల్లో పోస్తున్నాడు. యజమాని కుర్చీ షెడ్డు గుమ్మంలోకి మారింది. ఆయన గడ్డం ఎటు ఊపితే బావ పార అటు తిరుగుతోంది. వరసలో ఉన్న అత్త నన్ను చూసి పక్కకు వచ్చింది.

"మంచి కబురేనా నాయినా?"

"మంచిదే అత్తా. మిషను థాయిలాండుదేనని తేలిపోయింది. మనవాడు తప్పు చేయలేదని వాళ్లే రాశారు. డిపాజిట్ వెనక్కి ఇచ్చేస్తారు."

బావ పార ఆపాడు. "ఎవులికి ఇచ్చేత్తారు?"

నేను కుర్చీ వైపు చూశాను.

అత్త తట్ట చంకకు ఎత్తుకుని, రాలుతున్న ఐసును కాసేపు చూసింది.

"అది ఏ దేసందో తేల్సడానికి ఇన్ని నెలలు పట్టినాదా నాయినా" అంది. "మనది కాదని తేల్సడానికి మాత్రం ఒక్క పూట సరిపోయినాది."

కుర్చీలోంచి చిన్న దగ్గు వినిపించింది. బావ మళ్లీ పార అందుకున్నాడు. వాళ్లమ్మ వైపు చూడకుండానే, "వరస తప్పిపోనావు గదా అమ్మా, ఎనక్కెల్లి నిలబడు" అన్నాడు. అత్త వెనక్కి వెళ్లి, అందరి చివర నిలబడింది.